దెబ్బ తగిలిన చోటు రాసి పెట్టుకుందాం

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మాదాపూర్‌లో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదివాసీ దినోత్సవం అనగానే కొమ్ము నృత్యం, డోలు, రేల పాట, ధింసా గుర్తొస్తాయి. ఇందాక పిల్లలు ఆడితే చూసి అందరం సంతోషించాం. మన సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచారు. మేము మాత్రం పడవ ఫ్యాను గురించి మాట్లాడతాం. ప్రొపెల్లర్ అని పుస్తకాల్లో రాసేదాన్నే మా రేవుల్లో ఫ్యాను అంటారు. సంస్కృతి సభలో ఇదేం విషయం అని నవ్వుకోకండి. చివరిదాకా వింటే ఇదీ సంస్కృతి మాటే అని మీకే తెలుస్తుంది.

మేము గోదావరి ఒడ్డు మండలాల్లో గిరిజన వసతి గృహాల వార్డెన్లం. పాఠం చెప్పడానికి శిక్షణ తీసుకుని, ఇప్పుడు బియ్యం లెక్క, దుప్పట్ల లెక్క, జ్వరాల లెక్క చూసుకుంటున్నవాళ్లం. సెలవులు అయిపోయి పిల్లలు తిరిగొచ్చే రోజున మా కళ్లన్నీ రేవు మీదే ఉంటాయి. రోడ్డు లేని ఊళ్ల పిల్లలు పడవ దిగి రావాలి. పడవ రాలేదంటే మేము వినే కారణాల్లో ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. ఫ్యాను దేనికో తగిలింది. ఈ ఏడాదే కాదు, పోయిన ఏడాదీ అదే మాట. చాలాసార్లు చోటు కూడా అదే.

దూరం ఎందుకు, ఈ మాదాపూర్ నుంచే మొదలుపెడదాం. మీలో చాలామంది దుర్గం చెరువు తీగల వంతెన మీదుగా ఆఫీసుకు వెళ్తారు. 2020 సెప్టెంబరు 25న ఆ వంతెన తెరిచారు. కింద ఉన్న చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చింది. బండల గుట్టల మధ్య కనపడకుండా ఉండేది కాబట్టి రహస్య చెరువు అనే పేరూ ఉంది. వంతెన మీద నుంచి చూస్తే బోటు షికారు హాయిగానే కనిపిస్తుంది. నగరం మురుగు చేరిన ఏ చెరువులోనైనా గుర్రపు డెక్క పెరుగుతుంది. దాని వేళ్లు జడల్లాగా నీటిలోకి వేలాడతాయి. గుప్పెడు వేళ్లు ఫ్యానుకు చుట్టుకుంటే చాలు, ఇంజిన్ మూలుగుతుంది గాని బోటు కదలదు. ప్లాస్టిక్ సంచి, తాడు ముక్క, పాత చీర గుడ్డ కూడా అదే పని చేస్తాయి. ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు లోపలికి వెళ్లే రంధ్రానికి సంచి అడ్డం పడిందంటే ఇంజిన్ వేడెక్కి ఆగిపోతుంది.

హుస్సేన్ సాగర్ సంగతి చూడండి. వినాయక నిమజ్జనం అయ్యాక ఏటా క్రేన్లు పెట్టి విగ్రహాల ఇనుప చట్రాలు, కట్టెలు పైకి తీస్తారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను ఆ చెరువులో కలపవద్దని 2021లో హైకోర్టు చెప్పింది. ఆ ఒక్క ఏడాదికి సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చింది. ఆ వార్త చదివిన మనం కాలుష్యం గురించి మాట్లాడుకున్నాం. బోటు నడిపేవాడికి అందులో ఇంకో భయం కూడా ఉంటుంది. అన్నీ తీశాక అడుగున మిగిలిపోయిన ఒక్క ఇనుప ఊచ చాలు, ఫ్యాను రెక్క వంగడానికి.

నగరంలో బోటు ఆగితే ఇంకో బోటు వచ్చి తాడు కట్టి ఒడ్డుకు లాక్కొస్తుంది. టికెట్ డబ్బులు తిరిగి ఇస్తారు. నది మధ్యలో ఆగితే ఏమవుతుందో చెప్పాలంటే ముందు ఫ్యాను ఎలా పని చేస్తుందో నాలుగు మాటల్లో చెప్పాలి. టీచర్లం కదా, పాఠం చెప్పకుండా ఉండలేం.

ఫ్యాను రెక్కలు ఏటవాలుగా ఉంటాయి. తిరుగుతూ నీటిని వెనక్కి తోస్తాయి, పడవ ముందుకు పోతుంది. రెక్కలన్నీ ఒకే బరువు, ఒకే వంపు ఉన్నంతవరకు అది నెమ్మదిగా, గుండ్రంగా తిరుగుతుంది. ఒక రెక్క అంచు కొంచెం వంగినా తూకం తప్పుతుంది. అప్పుడు పడవంతా వణుకుతుంది. ఆ వణుకు ఇరుసు మీదికి, ఇరుసు నుంచి బేరింగు మీదికి, అక్కడి నుంచి ఇరుసు పడవలోకి దూరే చోట బిగించిన సీలు మీదికి పోతుంది. సీలు అరిగితే పడవ అడుగున నీళ్లు ఊరతాయి. రెక్క వంగిన పడవ ఆ రోజు నడుస్తుంది, మర్నాడూ నడుస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. నడుస్తోంది కదా అని వదిలేస్తాం.

చిన్న ఇంజిన్లలో చాలావాటికి ఫ్యాను దగ్గర ఒక సన్నని పిన్ను ఉంటుంది. గట్టి దెబ్బ తగిలితే ముందు ఆ పిన్ను తెగుతుంది, లోపలి పళ్ల చక్రాలు బతుకుతాయి. కొన్ని ఫ్యానుల మధ్యలో రబ్బరు పొర ఉంటుంది, దెబ్బను అది మింగుతుంది. అల్యూమినియం రెక్క తొందరగా వంగుతుంది, కాని దెబ్బను తన దగ్గరే ఆపుకుంటుంది. ఉక్కు రెక్క వంగదు, దెబ్బను ఇరుసుకు పంపిస్తుంది. పిన్ను మాటిమాటికి తెగుతోందని దాని చోట గట్టి మేకు పెట్టేవాళ్లు ఉన్నారు. తక్కువ ఖరీదు వస్తువును కాపాడబోయి ఎక్కువ ఖరీదు వస్తువును పోగొట్టుకోవడమే అది.

ఇక గోదావరికి వద్దాం. భద్రాచలం దిగువన కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి పాపికొండల మీదుగా పోలవరం వైపు నది కొండల మధ్య నడుస్తుంది. ఒడ్డున కోయ, కొండరెడ్డి ఊళ్లు. పర్యాటకులు ఇటు పోచవరంలోనో అటు గండిపోచమ్మ దగ్గరో లాంచీ ఎక్కి కొండలు చూసి వెళ్తారు. వాళ్లకు అది ఒక రోజు విహారం. ఒడ్డు ఊళ్లకు అదే బస్సు, అదే రేషన్ బండి, నొప్పులు పడుతున్న తల్లికి అదే అంబులెన్సు.

మన పెద్దల కాలంలో తాటి దోనెలు, నాటు పడవలు, వెదురు తెప్పలు ఉండేవి. తెడ్డు, గెడ వాటికి ఆధారం. గెడ నీళ్లలోకి దించితే లోతు చేతికి తెలుస్తుంది. అడుగున ఇసుకా, రాయా, బురదా అన్నదీ చేతికే తెలుస్తుంది. ఇంజిన్ వచ్చాక దూరం తగ్గింది. ఆ మేలును మేము కాదనడం లేదు, జ్వరంతో ఉన్న పిల్లను ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఇంజిన్ చప్పుడు వింటేనే ధైర్యం. కాని చేతికి అందే ఆ కబురు ఆగిపోయింది. ఇప్పుడు లోతు తెలిసేది ఫ్యాను తగిలినప్పుడే.

పైగా నది అడుగు మారిపోయింది. 2021 జూన్‌లో గోదావరిని పోలవరం స్పిల్‌వే మీదుగా మళ్లించారు. పాత దారికి కాఫర్ డ్యామ్ అడ్డం నిలిచింది, ఎగువన నీళ్లు నిలబడ్డాయి. దేవీపట్నం వైపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ముంపు ఊరు అంటే పేపర్లో ఎకరాల లెక్క, ఇళ్ల లెక్క వస్తుంది. పడవ నడిపేవాడి లెక్క వేరు. తాటి మొదళ్లు, మామిడి చెట్లు, కరెంటు స్తంభాలు, సగం కూలిన గోడలు, చేను చుట్టూ కట్టిన ఇనుప తీగ. ఒకప్పుడు మనవాళ్లు నడిచిన వీధి మీదుగా పడవ పోవాలి. ఆ వీధిలో ఏ చెట్టు ఎక్కడుండేదో ఆ ఊరివాళ్లకే తెలుసు. ఊరివాళ్లు పునరావాస కాలనీలకు వెళ్లిపోయారు.

దీనికి తోడు వరద తెచ్చేవి ఉన్నాయి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు వచ్చాక మళ్లీ అంత వరద అదే. అలాంటి వరద పెద్ద పెద్ద చెట్లను వేళ్లతో సహా తెస్తుంది. తగ్గేటప్పుడు వాటిని ఎక్కడ పడితే అక్కడ వదిలేస్తుంది. నానిన దుంగ పూర్తిగా తేలదు, పూర్తిగా మునగదు. నీటి మట్టానికి బెత్తెడు కింద ఉండి కంటికి కనపడదు. ఇసుక మేటలు కూడా ఏటా చోటు మారుస్తాయి. పోయిన ఏడాది లోతుగా ఉన్న దారిలో ఈ ఏడాది పడవ కూరుకుపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. బండ కదలకపోయినా దాని మీది నీరు కదులుతుంది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారని అందరికీ తెలుసు. అవి వరదకు పెట్టుకున్న గుర్తులు. నీళ్లు తక్కువున్నప్పుడు ఏ బండ ఏ మట్టం దగ్గర ఫ్యానుకు అందుతుందో చెప్పే గుర్తులు మన రేవుల్లో లేవు. కింది భాగంలో పోలవరం గేట్లు ఎంత ఎత్తారన్నదాన్ని బట్టి కూడా మట్టం మారుతుంది. ఉదయం గీసుకోకుండా వెళ్లిన పడవ సాయంత్రం అదే దారిలో గీసుకోవచ్చు.

నది మధ్యలో ఫ్యాను పోతే చుక్కాని కూడా పని చేయదు. ఫ్యాను తోసిన నీరు తగిలితేనే చుక్కానికి బలం. పడవ ప్రవాహానికి అడ్డం తిరుగుతుంది. మలుపు దగ్గర అయితే సుడి వైపు పోతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. అందులో 77 మంది ఉంటే 26 మంది బయటపడ్డారు. దానికి ఫ్యాను కారణమని మేము అనడం లేదు. ఆ మలుపులో అదుపు తప్పిన పడవకు ఏమవుతుందో మాత్రం అది చూపించింది. ఆ రోజు మునుగుతున్నవాళ్ల దగ్గరికి ముందుగా పడవలు వేసుకుని వెళ్లింది ఒడ్డు ఊళ్ల ఆదివాసీలు. ఆ బోటు ఉన్న చోటును వెతకడానికి సోనార్ యంత్రాలు తెచ్చారు. చివరికి అక్టోబరు 22న పైకి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, లంగర్లతో, ఇనుప తాళ్లతో. యంత్రం చూపు, మనిషి చేతి అనుభవం రెండూ కావలసి వచ్చాయి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాం.

నదికి దారి గుర్తులు పెట్టాలన్న ఆలోచన పాతదే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర ఎగువ గోదావరిలోనూ పడవలు నడవాలని కోరుకున్నాడు. రాళ్ల అడ్డంకులను దాటించడానికి పనులు మొదలుపెట్టారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నంలోదే. 1871లో ఆ పనులు ఆపేశారు. 2008లో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరిని జాతీయ జలమార్గం 4లో చేర్చారు. పడవల నమోదుకు, తనిఖీకి 2021లో కొత్త చట్టం వచ్చింది. ఇవన్నీ అవసరమే. ఈలోగా మా రేవుల దగ్గర సరంగు కన్నే గుర్తు, సరంగు జ్ఞాపకమే పటం.

ఆ పటం ఎలా ఉండేదో మీ తాతలను అడగండి. ఒక్కో బండకు ఒక పేరు. ఒక్కో మడుగుకు ఒక కథ. ఫలానా చోట దేవత ఉంది, మొక్కుకుని నెమ్మదిగా పోవాలి అంటే, అక్కడ నిజంగానే నెమ్మదిగా పోవలసిన కారణం ఒకటి ఉంటుంది. మనం ఆ కథను పండుగలో చెప్పుకోవడానికి దాచుకున్నాం, దారి చూపడానికి వాడటం మానేశాం. ఇప్పుడు ఆ బండ నీటి కింద, పేరు తెలిసిన ముసలాయన నదికి దూరంగా కాలనీలో. ఇంకో పదేళ్లు పోతే ఆ పేరు చెప్పేవాళ్లు ఉండరు. ఫ్యాను గురించి మొదలుపెట్టి సంస్కృతి దగ్గరికి వస్తామని చెప్పింది ఇందుకే.

ఈ కష్టం మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో మిసిసిపీ నదిలో ఆవిరి పడవలు నడిచిన రోజుల్లో నీట మునిగిన చెట్లు ఎన్నో పడవలను చీల్చాయి. హెన్రీ ష్రీవ్ అనే కెప్టెన్ 1829లో ఆ మొదళ్లను పీకడానికే హీలియోపోలిస్ అనే ప్రత్యేకమైన పడవ దించాడు. రచయిత కాకముందు మార్క్ ట్వెయిన్ ఆ నదిలో పడవ నడిపాడు. 1883లో వచ్చిన తన పుస్తకంలో ఒక సంగతి రాశాడు. సరంగులు సంఘం కట్టుకుని రేవుల్లో తాళం వేసిన పెట్టెలు పెట్టుకున్నారు. నడిపి వచ్చిన ప్రతివాడూ ఎక్కడ ఎంత లోతు ఉంది, ఎక్కడ కొత్త అడ్డం పడింది అని కాగితం మీద రాసి అందులో వేసేవాడు. తర్వాత వెళ్లేవాడు తీసి చదువుకునేవాడు. సంఘంలో ఉన్నవాళ్ల పడవలకు ప్రమాదాలు తగ్గాయి. చివరికి బీమా కంపెనీలే సంఘం సరంగులు కావాలని పట్టుబట్టాయి. వాళ్ల దగ్గర ఫోను లేదు, ఉపగ్రహం లేదు. ఒక పెట్టె, ఒక కాగితం.

ఇక్కడ హైటెక్ సిటీలో పనిచేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది మాకంటే బాగా ఎరుగుదురు. మీ ఆఫీసులో ఒక సర్వరు పడిపోతే సరిచేసి ఊరుకోరు. టికెట్ రాస్తారు. ఎప్పుడు పడింది, ఎందుకు పడింది, ఇంతకుముందు పడిందా అని చూస్తారు. రెండోసారి అదే కారణంతో పడితే మీ మేనేజరు ఊరుకోడు. మా నదిలో ఒకే మొదలుకు మూడు పడవలు తగులుతాయి. ముగ్గురూ రాజమండ్రికో భద్రాచలానికో వెళ్లి ఫ్యాను బాగు చేయించుకుంటారు. ముగ్గురూ డబ్బు కడతారు. నాలుగోవాడికి చెప్పే ఏర్పాటు లేదు. మొదటి దెబ్బ నది వేసింది. రెండో దెబ్బ రాసి పెట్టుకోకపోవడం వల్ల తగిలింది.

అందుకని మేము ఈ సభను అడిగేది మూడు పనులు.

మొదటిది, ప్రతి రేవులో ఒక దెబ్బల చిట్టా. మామూలు నోటు పుస్తకం చాలు. తేదీ, చోటు, ఒడ్డుకు ఎంత దూరం, ఏమి తగిలింది, ఆ రోజు భద్రాచలంలో మట్టం ఎంత, ఏమి పాడైంది. ఆరే గడులు. రాయడం రాని సరంగు చెబితే మా వసతి గృహం పిల్లలు రాస్తారు. ఎనిమిదో తరగతి పిల్లకు ఇంతకన్నా మంచి భూగోళం పాఠం ఎక్కడ దొరుకుతుంది? ఒక్క షరతు, ఆ పుస్తకాన్ని ఎవరి మీదా కేసుకు వాడకూడదు. జరిమానా భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు.

రెండోది, ఆ చిట్టాను ఫోనులోకి ఎక్కించే చిన్న యాప్. పాపికొండల మధ్య సిగ్నల్ ఉండదు, కాబట్టి సిగ్నల్ లేకుండా పని చేయాలి. జీపీఎస్‌కు సిగ్నల్ అక్కర్లేదని మీకు తెలుసు. రాయాల్సిన పని తక్కువగా, గొంతుతో చెప్పే వీలు ఎక్కువగా ఉండాలి. బండల పేర్లు కోయ భాషలో, కొండరెడ్ల మాటలో ఎలా పలుకుతారో అలాగే ఉండాలి. ముందు కాలనీల్లో ఉన్న పెద్దలను కూర్చోబెట్టి అడగండి, తర్వాత కోడు రాయండి. ఆ వరుస తప్పితే మ్యాపు అందంగా వస్తుంది, పడవకు పనికిరాదు.

మూడోది, నీళ్లు రాకముందే చేయాల్సిన పని. ఇంకా ముంపుకు సిద్ధమవుతున్న ఊళ్లు ఉన్నాయి. ఖాళీ చేసేటప్పుడు రేవు దారిలో ఉన్న చెట్లను మొదటికంటా కొట్టించాలని, స్తంభాలు, కంచె తీగలు తీయించాలని గ్రామసభలో తీర్మానం చేయండి. 1996 పెసా చట్టం గ్రామసభకు మాట ఇచ్చింది, ఆ మాటను ఇలాంటి పనికీ వాడుకుందాం. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు బయటపడిన మొదళ్ల పక్కన పొడుగు వెదురు పాతి ఎర్ర గుడ్డ కడితే, వరదలో కొన్ని కొట్టుకుపోయినా కొన్ని మిగులుతాయి.

ఇక పడవ ఎక్కేవాళ్లకు, నడిపేవాళ్లకు నాలుగు జాగ్రత్తలు. మట్టం తక్కువున్నప్పుడు, వరద తగ్గుతున్నప్పుడు ముందు భాగాన గెడ పట్టుకున్న మనిషి ఒకడు ఉండాలి. ఇసుకలో కూరుకుంటే ఇంజిన్ గట్టిగా తిప్పకండి, ఇసుక ఇంజిన్‌లోకి పోతుంది, పడవ ఇంకా దిగుతుంది. ఇంజిన్ ఆపి, జనాన్ని నెమ్మదిగా లోతు వైపుకు జరిపి, గెడతో నెట్టాలి. ఫ్యానుకు తీగ, వల చుట్టుకుంటే ఇంజిన్ పూర్తిగా ఆపాకే చెయ్యి పెట్టాలి. దెబ్బ తగిలాక వణుకు మొదలైతే పడవ అడుగున నీళ్లు ఊరుతున్నాయేమో చూడాలి, మళ్లీ పిల్లలను ఎక్కించే ముందు రెక్క చూసుకోవాలి. మారు ఫ్యాను, మారు పిన్నులు, తెడ్లు పడవలోనే ఉండాలి. లైఫ్ జాకెట్ పడవలో మడత పెట్టి ఉంచేది కాదు, ఒంటికి తొడిగేది. మా పిల్లలకు తొడగకపోతే పడవ కదలనివ్వం, సరంగులు మమ్మల్ని విసుక్కుంటారు, ఫరవాలేదు.

పెద్ద వంతెనలు, పెద్ద రోడ్లు రావాలి, వస్తాయి. అవి వచ్చేదాకా రోజూ పడవ ఎక్కే పిల్ల ఉంటుంది. ఆ పిల్ల ఎక్కిన పడవ ఏ మొదలు పక్కన తప్పుకుని పోవాలో తెలిసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల మాటను రాసుకునే చదువు మీ దగ్గర ఉంది. సోనార్, లంగరు రెండూ కలిస్తేనే కచ్చులూరు బోటు పైకి వచ్చింది. ఇక్కడ ఆ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. తాత దగ్గర ఒకటి, మనవడి దగ్గర ఒకటి.

సభ అయ్యాక బయట బల్ల మీద ఒక నోటు పుస్తకం పెడుతున్నాం. వచ్చే వేసవిలో ఒక వారం సెలవు పెట్టి రేవుల వెంట తిరగడానికి రాగలిగినవాళ్లు మీ పేరు, మీ తాతగారి ఊరి పేరు రాయండి. అన్నం మా వసతి గృహంలోనే. పప్పు, చారు, గుడ్డు ఉంటాయి.

జోహార్.